క్రీస్తునందలి బ్రదుకు: ఒంగోలు సీమ మాదిగల పూర్వచరిత్ర



మన వార్షిక మహాసభ కొత్తపేటలో కూడుచున్న సందర్భమున వెలువడు నీ సంచికకు పూర్వచరిత్రకు సంబంధించిన వ్యాస మొకటి వ్రాయుమని కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. జాతిచరిత్ర యనగానే మనవారు అరుంధతీదేవిని, జాంబవంతుని స్మరించుట వాడుక. ఆ స్మరణము మనకు గౌరవహేతువే. కాని పురాణపురుషుల ఘనతను చెప్పికొనుటకంటె మన తాతముత్తాతలు నిజముగా నడచిన త్రోవను తెలిసికొనుట యెక్కువ ప్రయోజనకరమని నా తలంపు. అందుచే 1866వ సంవత్సరము మొదలుకొని ఒంగోలు సీమలో మాదిగలు క్రీస్తుమతమును స్వీకరించిన వృత్తాంతమును, దానిని వారు తమ నడవడిలో నిలుపుకొనిన విధమును ఇందు వివరింతును.

ఈ విషయము కొత్తపేటకు దూరమైనది కాదు. విజయవాడకు పోవు రాజమార్గముమీద దిల్‌సుఖ్‌నగరునకును లాల్‌బహదూరు నగరునకును నడుమనున్న ఈ ప్రాంతము వలసవచ్చిన వారివలన పెరిగినది. నల్లగొండ, పాలమూరు, ఖమ్మము, గుంటూరు, ప్రకాశము జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన మనవా రిచ్చట ననేకులు. సమీపమునందలి మలకపేటలో ఇరువదవ శతాబ్ది తొలి దశకముననే మెన్నొనైటు బ్రదరన్ మిషనువారు స్థావర మేర్పఱచుకొని దక్షిణ తెలంగాణపు పల్లెలకు బోధకులను పంపిరి. కావున మన కుటుంబములలో కొన్ని రామునికి మ్రొక్కును, కొన్ని క్రీస్తును ప్రార్థించును. ఒక్క యింటిలోనే అన్నదమ్ములు రెండు విధముల నుండుటయు కలదు. ఇట్టి సభలో ఈ చరిత్రను చెప్పుట ఒక మతమును పొగడుటకు గాదు, వేఱొక మతమును తెగడుటకును గాదు. మన రక్తసంబంధులలో పెక్కుమంది యే పేరుతో తమ్ము తాము గుర్తించుకొనిరో, ఆ పేరునకై యేమి వెల యిచ్చిరో మనమందఱము తెలిసికొనదగియున్నదని మాత్రమే నా యుద్దేశము.

1. ‘నందు’ అను విభక్తి

క్రైస్తవుల గ్రంథములలో ‘క్రీస్తునందు’ అను మాట అడుగడుగునకు వచ్చును. పౌలను అపొస్తలుడు వ్రాసిన లేఖలలో నిది మఱియు నెక్కువ. నేను ముప్పదియైదేండ్లు సంస్కృతాంధ్రములు బోధించిన ఉపాధ్యాయుడనగుటచే, ఈ మాట విన్నప్పుడెల్ల నాకు సప్తమీవిభక్తి జ్ఞప్తికి వచ్చును. వైయాకరణులు ఆధారమును మూడు విధములుగా విభజించిరి. చాపయందు కూర్చున్నాడనుట యొకటి. అది ఔపశ్లేషికము, అనగా తాకుడు మాత్రము. మోక్షమునందు కోరికగలవాడనుట రెండవది. అది వైషయికము, మనస్సు దానివైపు తిరిగియుండుట మాత్రము. నువ్వులయందు నూనె యున్నదనుట మూడవది, అది అభివ్యాపకము. ఈ మూడవదానియందు ఆధారమును ఆధేయమును వేఱుచేసి చూపుట కష్టము.

క్రీస్తునందున్నాననువాడు ఈ మూటిలో నే తీరున నున్నాడు? చాపమీద కూర్చున్నవాడు చాప చుట్టివేయగానే లేచిపోవును. కోరిక గలవాడు వేఱొక కోరిక కలుగగానే మఱచిపోవును. నువ్వులలోని నూనె మాత్రము అట్లు పోవునది కాదు. ఐనను నువ్వుగింజను చూచినంతమాత్రమున నూనె కనబడదు. గానుగలో పడినగాని తెలియదు. మనుష్యుని విశ్వాసమును అట్టిదే. అది నోటిమాటచే తెలియదు. ఒత్తిడి కలిగినప్పుడు తెలియును. ఒంగోలు సీమలో మన పూర్వులకు కలిగిన ఒత్తిడి యెట్టిదో చూతము.

2. యర్రగుంట్ల పేరయ్య

అమెరికాదేశపు బాప్తిస్టు మిషను వారిలో మొదటివాడగు శామ్యూలు డే 1836లో హిందూదేశమునకు వచ్చి, 1840లో నెల్లూరు చేరెను. పిదప పెక్కు సంవత్సరములు గడచినను ఫలము మిక్కిలి స్వల్పము. ఈ మిషనును మూసివేయుదుమా యని అమెరికాలో సభలయందు తర్కించిరి. 1854 జనవరి 1వ తేదీ తెల్లవాఱుజామున లైమన్ జ్యూయెట్టు దంపతులును, కొందఱు తెలుగు విశ్వాసులును ఒంగోలునొద్దనున్న కొండమీద నిలిచి, ఆ సీమకు బోధకుని పంపుమని ప్రార్థించిరి. ఆ కొండకు నేటికిని ప్రార్థన కొండ యనియే పేరు. పండ్రెండేండ్ల పిమ్మట, 1866 సెప్టెంబరులో, జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరెను. ఇతడు యౌవనమున అమెరికాలో భూమి కొలతల పని నేర్చినవాడు. ఆ విద్య మనవారికి తరువాత నెట్లు పనికివచ్చెనో ముందు చెప్పుదును.

ఐతే ఈ కథకు నాయకుడు క్లౌదొర కాదు. దొర వచ్చుటకు ముందే పేరయ్య యున్నాడు. యర్రగుంట్ల పేరయ్య మాదిగ. తోళ్ళ బేరము చేయువాడు. ఆ కాలమున ఆ సీమలో నాసరయ్య యను యోగికి మాదిగలలో శిష్యు లుండిరి. పేరయ్యయు రాజయోగమార్గమున ఉపదేశమందినవాడే. ఉత్తరముగా ఏలూరువైపు బేరమునకు పోయినపుడు క్రైస్తవబోధ యతని చెవిని పడెను. తాను వెదకుచున్నది దొరికెనని యతడు నమ్మి, 1866లో, క్లౌ ఒంగోలునకు వచ్చుటకు ముందే, భార్య నాగమ్మతోగూడ జ్యూయెట్టుచే బాప్తిస్మము పొందెను.

ఇందు గమనింపదగిన దేమనగా, పేరయ్యకు దైవచింత సీమనుండి దిగుమతి యైనది కాదు. చెప్పులు కుట్టుచు తత్త్వవిచారము చేయు పెద్ద లా కాలమున మాదిగపల్లెలో నుండిరి. క్లౌగారి రెండవ భార్యయగు ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో మాదిగల కథలను కూర్చి ప్రకటించిన గ్రంథమునకు ‘చెప్పులు కుట్టుచు’ అను నర్థము వచ్చు పేరే పెట్టెను. దాహమున్నవాడే నీటిని వెదకును. మనవారు అన్నమునకై మతము మార్చుకొనిరని తేలికగా పలుకువారు పేరయ్య చరిత్రను తెలిసికొందురుగాక.

1867 జనవరి 1వ తేదీని ఒంగోలులో సంఘ మేర్పడినపుడు సభ్యు లెనమండుగురు. ఆ నెలలోనే క్లౌ పేరయ్య యూరి చెంతకు పోయి కొన్ని దినము లుండగా, చుట్టుపట్ల గ్రామములనుండి వచ్చిన ఇరువదియెనమండుగురు బాప్తిస్మము పొందిరి. వీరు ఒంటరిగా వచ్చినవారు కారు. ఆలుమగలు, వియ్యంకులు, పినతండ్రి పెదతండ్రి బిడ్డలు కలిసి వచ్చిరి. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. వ్యాసాంతమున దీనితో పనియున్నది.

3. మూడు నియమములు

బాప్తిస్మము పొందినవా రంతట నేమి చేసిరి? విద్యలేదు, వేదాంతగ్రంథములు లేవు, చదువగలవారే లేరు. వారి ముందుంచబడినవి సులభముగా జ్ఞాపకముండు మూడు నియమములు: ఆదివారమునాడు పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. మూడవదానినుండియే జాతరలో డప్పు కొట్టరాదనునది పుట్టెను.

వినుటకు నివి చిన్నవి. కాని వీని బరువు తెలియవలెనన్న నాటి గ్రామవ్యవస్థను తెలిసికొనవలెను. మాదిగ ఊరికి వెలుపల నుండువాడైనను ఊరి సేద్యమునకు వెలుపలివాడు కాడు. బావినుండి నీరు తోడు తోలుబొక్కెనను కుట్టువాడు మాదిగ. ఎద్దుల కాడికి వార్లు, రైతు కాలికి చెప్పులు కుట్టువాడు మాదిగ. చచ్చిన గొడ్డును ఈడ్చి తోలు తీయువాడు మాదిగ. జాతరలోను, చావునందును, చాటింపునందును డప్పు కొట్టువాడు మాదిగ. దీని కంతటికి ప్రతిఫలము రొక్కము కాదు; కళ్ళమునొద్ద ఏటేట కొలిచిపెట్టు మేర. చచ్చిన పశువు మాంసము గూడ నాతని రాబడిలో నొక భాగముగనే ఎంచబడెను.

ఇప్పుడు నియమముల నొక్కొక్కటిగా చూడుడు. చచ్చిన మాంసమును మానుట యనగా కఱవుకాలమున నోటికందు తిండిని విడుచుట. అంతకంటె ముఖ్యముగా, ‘నీవు దీనిని తిను జాతివాడవు’ అని లోకము వేసిన ముద్రను తానే తుడిచివేయుట. ఆదివారము పని మానుట యనగా, ఏ దినమున పిలిచిన ఆ దినమున పోవలసిన వెట్టివాడు, ఏడింటిలో నొక దినము నాది కాదు, నీదియు కాదు, దేవునిదని చెప్పుట. కోతలనాడు ఈ మాట విన్న ఆసామికి ఎంత కోపము వచ్చియుండునో యూహింపదగును. ఇక డప్పు సంగతి. డప్పు లేనిదే జాతర సాగదు. ఊరిలోని దేవత ఊరందఱిదైనను, ఆమె యుత్సవము అంటరానివాని చేతిమీద ఆధారపడియున్నదను సత్యము, ఆ చేయి డప్పును క్రింద పెట్టిననాడు గాని యెవరికిని తెలియలేదు.

ఫలితము తడవుచేయలేదు. నాటి మిషనువారి గ్రంథములు ఆ బాధలను విపులముగా చెప్పుచున్నవి. బావినుండి నీరు రానీయలేదు. చాకలి బట్టలుతుకరాదని, కుమ్మరి కుండలమ్మరాదని కట్టడి చేసిరి. పశువులను బంజరు మేతనుండి తఱిమిరి. చెప్పులు, వార్లు కుట్టు పని నియ్యలేదు. కళ్ళమునొద్ద మేర కొలువలేదు. క్లౌ అధికారులకు చెప్పి కొన్నియెడల ఉపశమనము కలిగించెను. కాని ఒంగోలులోని దొర ప్రతి పల్లెలోను కాపురముండలేడుగదా! రాత్రి దీపము లేని గుడిసెలో, ఉదయము నీరులేని కుండయొద్ద, ఆ నిర్ణయమును మరల మరల చేసికొనవలసినవారు మనవారే.

మఱియొక విశేషము. ఈ నియమములలో తోలుపని మానవలయునని లేదు. క్రైస్తవుడైన మాదిగ చెప్పులు కుట్టుచునే యుండెను. అతడు విడిచినది చేతిపనిని గాదు, చేతిపనితో కలిపి కట్టబడిన హీనత్వమును. కులవృత్తిని దాచికొనినగాని గౌరవము రాదనుకొను నేటి విద్యావంతులు దీనిని మననము చేయవలయును.

4. తలుపునొద్ద కలిగిన తగవు

1867 ప్రాంతమున ఒంగోలు పట్టణములో బ్రాహ్మణులును, ఇతర ఉన్నతకులములవారును క్లౌయొద్దకు రాకపోకలు సాగించుచు, పాఠశాలకు తమ పిల్లలను పంపుచు, బోధను ఆదరముతో వినుచుండిరి. మాదిగలు చేరుట మొదలిడగానే వారి కభ్యంతరము కలిగెను. వీరిని చేర్చుకొందురేని మేము రామని చెప్పి, తమ పిల్లలను పాఠశాలనుండి తీసికొనిపోయిరి.

క్లౌ డోలాయమానమనస్కు డయ్యెను. ఉన్నతకులములవారు మొదట చేరినచో క్రిందివారు తామై వత్తురని నాటి మిషనువారిలో ననేకుల యాలోచన. 1914లో వెలువడిన ఆయన జీవితకథ ప్రకారము, ఆ దినమున క్లౌయును ఆయన భార్య హారియెటును వేఱు వేఱు గదులలో బైబిలు తెఱవగా, ఇద్దఱికిని కొరింథీయుల మొదటి లేఖలోని మొదటి యధ్యాయమే కనబడెనట. లోకము తృణీకరించినవారిని దేవు డేర్పఱచుకొనెనను భావముగల భాగమది. దీనిని దైవికమని తలచి వారు మాదిగలకు తలుపు మూయమని నిశ్చయించిరి.

ఆ నిశ్చయము దొరదే యైనను దానికి కారణభూతులు మనవారు. పేరయ్యవంటివారు వచ్చి తలుపు తట్టకున్నచో, ఆ గ్రంథభాగము ఆ పుటలోనే పడియుండెడిది. క్లౌ మఱియొక మంచిపని చేసెను. మన పల్లెల పంచాయతీని చెఱపలేదు. ఊరిపెద్దల యైదుగురి తీర్పును సంఘపరిపాలనకు వాడుకొనెను. గురువును పల్లె పోషించు పాతమర్యాదనే బోధకులయెడలను నిలిపెను. అందుచే క్రొత్త విశ్వాసము పరాయి యంగడిలోని వస్తువువలె గాక, మన పల్లెలోని పెద్దల మాటవలె వ్యాపించెను.

5. ధాతుకఱవు

1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమున గొప్ప కఱవు సంభవించెను. తెలుగువారు దానిని ధాతుకఱవందురు. తోలుపనివానికి కఱవు రెండు విధముల దెబ్బ: సేద్యము లేదు గనుక మేర లేదు, పశువులు చచ్చుటచే మొదట తోళ్ళు కుప్పలైనను పిదప పశువులే లేవు. ప్రభుత్వము బకింగ్‌హాము కాలువను త్రవ్వించుచుండగా క్లౌ మూడున్నర మైళ్ళ పనిని గుత్తకు తీసికొనెను. భూమి కొలుచు విద్య అప్పుడు పనికివచ్చెను. మన బోధకులు పనిమీద పెత్తనము వహించిరి. కొట్టుట, తిట్టుట లేని పని యిదియని విని వేలకొలది కూలీలు చేరిరి. విశ్రాంతివేళ బోధకులు వారి నడుమ కూర్చుండి మాటాడుచుండిరి.

ఇచ్చట మిక్కిలి ముఖ్యమైన విషయ మొకటి కలదు. ఆ పదునైదు నెలల కాలమున క్లౌ ఎవరికిని బాప్తిస్మ మియ్యలేదు. ఆకలిగొన్నవాడు కూటికై వచ్చునో, దేవునికై వచ్చునో తెలియదని ఆయన భయము. కఱవు సాయము నిలిచిన పిమ్మటనే తలుపు తెఱచెను. అప్పుడు వచ్చినవారు తమకు సొమ్ము వలదనియు, కాలువపనిలో చేతులకు లేచిన బొబ్బలే తమ కష్టమునకు సాక్ష్యమనియు, మరల పంట పోయి చావవలసి వచ్చినచో క్రైస్తవులుగా చత్తుమనియు చెప్పిరని ఆయన వ్రాసెను.

1878 జూలై 3వ తేదీని వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మయేటిలో 2,222 మందికి ఒక్కదినమున బాప్తిస్మ మియ్యబడెను. ఇచ్చినవారు ఆఱుగురు తెలుగు బోధకులు; ఇద్దఱిద్దఱు చొప్పున నీటిలో నిలిచి, ఉదయము మొదలుకొని సాయంకాలము వఱకు, నడుమ కొంత విశ్రమించి, పనిని ముగించిరి. క్లౌ తాను నీట దిగలేదు. ఆ సంవత్సరాంతమునకు లెక్క 9,606 ఆయెను. ఉపనయనము చేసికొనినవాడు ద్విజుడని శాస్త్రము చెప్పును. మంత్రమునకు అనర్హులని త్రోసివేయబడినవారు ఏటినీటిలో నా రెండవ జన్మమును, అందును తమవారి చేతిమీదుగనే, పొందుట తెలుగుదేశ చరిత్రలో సామాన్యసంగతి కాదు.

6. సంఘములోని కులము

ఇంతవఱకు చెప్పినది ఘనత. చరిత్రకారుడు కొఱతనుగూడ చెప్పవలయును. క్రీస్తునందు యూదుడు గ్రీకుడు, దాసుడు స్వతంత్రుడు అను భేదము నిలువదని పౌలు గలతీయులకు వ్రాసిన లేఖయొక్క తాత్పర్యము. తెలుగుదేశమున ఆ భేదము నిలిచెనా, పోయెనా? కొంత పోయెను, చాల నిలిచెను. ఒంగోలు సీమ బాప్తిస్టు సంఘములలో మాదిగలును, గుంటూరు సీమ లూథరను సంఘములలో మాలలును ఎక్కువగా చేరుటచే మిషను పేరే కులము పేరువలె వినబడసాగెను. బల్లయొద్ద ఒక్క రొట్టెను విఱిచి తినినవారు వియ్యమునకు మాత్రము వెనుకటి గీతలనే చూచికొనిరి. ఇది నేటికిని పూర్తిగా పోలేదు.

ఐనను ఆ గీతలను చెఱిపిన విషయములును కలవు. పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణకులమున పుట్టి 1833లో క్రైస్తవుడయ్యెను. ఆయన రచించిన కీర్తనలను మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను అక్షరము రాని అవ్వలు కంఠస్థముగా పాడుదురు. ఒక బ్రాహ్మణుని పదములు మాదిగ నాలుకమీద మైలపడకుండ నిలిచిన స్థలము అది. తమిళదేశమున పుట్టిన వేదనాయకము శామ్యూలు అజరయ్య 1912లో దోర్నకల్లు బిషపుగా అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడయ్యెను. మాలమాదిగలను ఒక్క సంఘముగా కూర్చుటకు 1945లో మరణించువఱకు పాటుపడెను. ఆయన కట్టించి 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్లు దేవాలయమున గుమ్మటములును, మన దేశపు గుళ్ళవంటి స్తంభములును కలవు. క్రీస్తునందుండుటకు పరదేశివేషము అక్కఱలేదని ఆ రాళ్ళే చెప్పుచున్నవి.

మఱి మహాకవి జాషువను తలపకుండ నీ ప్రకరణము ముగియదు. 1895లో వినుకొండలో మాదిగతల్లికి, యాదవతండ్రికి క్రైస్తవగృహమున జన్మించి, సంస్కృతాంధ్రముల నభ్యసించి, ఉపాధ్యాయుడై, గబ్బిలమును 1941లో ప్రకటించెను. కులమువారని కొందఱు, హిందూపురాణముల పక్షపాతియని కొందఱు క్రైస్తవులు, ఇరువైపులనుండియు ఆయనను బాధించిరి. ఆయన ఏ యొక్కదానిని విడువలేదు. క్రీస్తుచరిత్రమును పద్యకావ్యముగా సంతరించి, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము నందెను. సంస్కృతవాణి మనకు పరాయిది కాదని, క్రీస్తు తెలుగువానికి పరాయివాడు కాడని, ఒక్క జీవితముననే ఋజువుచేసెను.

7. రెండు గళ్ళు

ఇక వర్తమానమునకు వత్తము. పాఠశాలలో ప్రవేశపు పట్టికయందు మతమునకొక గడి, కులమునకొక గడి యుండును. ఆ రెండు గళ్ళను నింపునపుడు తండ్రులు గొంతు తగ్గించుటను నా యుద్యోగకాలమున పెక్కుమాఱులు చూచితిని. ఇంట యోహానని పిలువబడు బాలుడు కాగితమున వేఱొక పేరివాడు. తల్లి ప్రతి యాదివారము ప్రార్థనకు పోవును, పత్రమున హిందువు.

దీనికి కారణము శాసనము. 1950 ఆగస్టులో రాష్ట్రపతి ప్రకటించిన షెడ్యూలు కులముల ఉత్తర్వులోని మూడవ పేరా, హిందూమతేతరుడు షెడ్యూలు కులమువాడు కాడనెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ యడ్డు తొలగింపబడెను. క్రైస్తవులకును మహమ్మదీయులకును తొలగలేదు. తెలుగు రాష్ట్రములలో క్రైస్తవులైన షెడ్యూలు కులములవారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా నుంచి నూటికి ఒక్కవంతు చొప్పున కేటాయించిరి.

1985వ సంవత్సరమున రెండు సంగతులు జరిగెను. ఆ జూలై 17న ప్రకాశము జిల్లా కారంచేడులో త్రాగునీటి చెఱువునొద్ద పుట్టిన తగవు పెరిగి ఆఱుగురు మాదిగలు చంపబడిరి. గొడ్డలి యెత్తినవాడు ఎవరి బాప్తిస్మపత్రమునైనను అడిగి చూడలేదు. ఆ సెప్టెంబరు 30న సుప్రీముకోర్టు మద్రాసులో వీథిప్రక్కన చెప్పులు కుట్టుకొను సూసై యను క్రైస్తవుని యర్జీని త్రోసిపుచ్చెను. తనవంటి హిందూ చర్మకారులకిచ్చిన చిన్న దుకాణపు పెట్టె తనకు రాలేదని యతడు మొఱపెట్టుకొనెను. మతము మారిన పిమ్మటను వెనుకటి కష్టము అంతే తీవ్రముగా నున్నదని ఋజువు కావలెనని న్యాయస్థాన మనెను. బావినొద్ద 1867లో జరిగినదియు, చెఱువునొద్ద 1985లో జరిగినదియు చదివినవారికి ఆ ఋజువు ఎచ్చట నున్నదో తెలియును. రంగనాథ మిశ్రా సంఘము 2007లో నివేదించి, మతముతో నిమిత్తము లేకుండ ఈ హోదా నియ్యవలెనని సూచించెను. 2022లో జస్టిస్ కె. జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మఱియొక సంఘము నియమింపబడెను.

పేరు దాచుకొనువారిని చూచి, నాటివారు మేరను విడిచిరి గాని మాటను విడువలేదు, నేటివా రుద్యోగమునకై మాటను విడుచుచున్నారని నిందించుట సులభము. నే నట్లు నిందింపజాలను. నాటివారు పల్లెగా నిలిచిరి. పేరయ్యవెంట వియ్యంకులు వచ్చిరి. బావి మూయబడిననాడు దాహమును పదియిండ్లవారు పంచుకొనిరి. నేటి యువకుడు దరఖాస్తు కాగితమునెదుట ఒంటరిగా కూర్చున్నాడు. నిజము చెప్పినచో నష్టము వానిదొక్కనిదే. ఒంటరివానిని గానుగలోవేసి, నూనె యేదియని అడుగుట న్యాయము కాదు. ఐనను దాచుకొనిన పేరుతో బ్రదుకుట వానికిని మేలు కాదు. ఆదివారము ఒక పేరును, సోమవారము ఒక పేరును ధరించువాని బిడ్డలు ఏ పేరును గౌరవింపరు.

8. ఉపసంహారము

క్రీస్తునందు కులము లేదనువాడు కులసంఘమున కేల వచ్చునని కొందఱు ప్రశ్నింతురు. సమాధానము చరిత్రలోనే యున్నది. మన పూర్వులు విడిచినది హీనత్వమును, బంధుత్వమును గాదు. 1917లో బెజవాడయందు భాగ్యరెడ్డివర్మగారి యధ్యక్షతన సభ కూడి, పంచములను పేరును త్రోసి, ఆది ఆంధ్రులను పేరు గైకొన్ననాడును సభల ప్రయోజన మిదియే: ఇతరులు పెట్టిన పేరును విడిచి మన పేరును మనము చెప్పికొనుట. కష్టము ఉమ్మడియైనంత కాలము సంఘమును ఉమ్మడిగనే యుండవలెను.

కావున ఈ మహాసభకు నా విన్నపములు మూడు. మొదటిది, మన సభ్యత్వపు పట్టికలో మతమునుబట్టి యెవరికిని ఓటుగాని పదవిగాని తగ్గింపరాదు; క్రైస్తవుడు తన పేరును తలయెత్తి చెప్పుకొను స్థల మొకటి మనయొద్ద నుండవలెను. రెండవది, నిజము వ్రాసికొని షెడ్యూలు కులపు విద్యార్థివేతనమును పోగొట్టుకొనిన మన బిడ్డలకు సంఘనిధినుండి కొంత సాయ మేర్పఱుపవలెను. మేర ఆగిననాడు పల్లె చేసిన పనిని నేడు సంఘము చేయవలెను. మూడవది, 1950 ఉత్తర్వులోని మూడవ పేరాను సవరింపుమని హిందువులైన మనవారే ముందు నిలిచి తీర్మానింపవలెను. అన్నకొఱకు తమ్ముడు వ్రాసిన అర్జీకి బలమెక్కువ.

క్రైస్తవ సోదరులకును ఒక మాట. మీ తాతలు నీటిలో మునిగి లేచిన పిమ్మట డప్పు క్రింద పెట్టిరి, చచ్చిన మాంసము విడిచిరి, ఆదివారమును సంపాదించుకొనిరి. నేడు మీరు విడువవలసిన వేవో మీరే యెంచుకొనుడు. మాలపల్లె సంబంధము రాగానే మొగము తిప్పుకొనుట వానిలో మొదటిదని నా యభిప్రాయము. గుండ్లకమ్మ నీటిలో నాడు దిగినవారు తరువాత వచ్చిన ప్రతి దినమున ఆ మాటను నిలుపుకొనిరి గనుకనే మన మీనాడు వారిని తలచుకొనుచున్నాము.

శుభమస్తు.